సౌత్ బేలో మోచీలు, జిగురు బియ్యం మిఠాయిలు: ఏది ఎక్కడ కొనాలి, ఎప్పుడు తినాలి

జిగురు బియ్యంతో చేసిన మిఠాయి కొనేటప్పుడు ముందుగా తేల్చుకోవాల్సింది దాన్ని ఎప్పుడు తింటారన్నది. రుచి, రంగు, లోపలి పూర్ణం, ఖరీదు అన్నీ ఆ తర్వాతే. పొద్దున చేసిన మోచీ, అంటే జిగురు బియ్యాన్ని సాగే ముద్దగా చేసిన జపనీస్ మిఠాయి, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది, మర్నాడు ఇంకోలా ఉంటుంది, ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే తినబుద్ధే కాదు. మోచీ మాకు పడదు, నమిలీ నమిలీ దవడలు నొప్పెట్టాయి అనే మనవాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళలో ఎక్కువమంది తిన్నది సూపర్‌మార్కెట్‌లో చల్లటి అరల మీద రెండు మూడు రోజులు కూర్చున్న డబ్బా. అదే మనిషికి అదే మిఠాయి చేసిన కొన్ని గంటల్లోపే పెడితే మాట మారిపోతుంది. అందుకే ఈ పోలికని దేశాల వారీగా కాకుండా, మీరు ఎప్పుడు, ఎవరితో కలిసి తినబోతున్నారన్నదాన్ని బట్టి రాస్తున్నాను.

కాలిఫోర్నియాలో శాన్ హోసే, సన్నీవేల్, శాంటా క్లారా, మిల్పిటాస్, ఫ్రీమాంట్ చుట్టుపక్కల ఉండేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. తెలుగు కుటుంబాలు ఇంతమంది ఉన్న ఈ చోటే జపనీస్, కొరియన్, వియత్నామీస్, చైనీస్, ఫిలిపినో మిఠాయి షాపులు కూడా ఉన్నాయి. శనివారం ఒక్క పూటలో మూడు చోట్లకి వెళ్ళి రావచ్చు. ఇంత దగ్గరలో పెట్టుకుని కూడా మనలో చాలామంది బోబా షాపు దగ్గరే ఆగిపోవడం నాకు బాధగా అనిపిస్తుంది.

ముందు బియ్యం సంగతి

మనం ఇళ్ళలో వండే సాంబ మసూరి, అంటే బాపట్ల నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204, ఉడికాక పొడిపొడిగా ఉంటుంది. అందులో అమైలోజ్ అనే పిండిపదార్థం ఐదో వంతుకు పైగా ఉండటమే దానికి కారణం. జిగురు బియ్యంలో అమైలోజ్ దాదాపు లేనట్టే, ఉన్నదంతా అమైలోపెక్టిన్. అందుకే ఉడికాక గింజలు అతుక్కుపోతాయి, దంచితే సాగే ముద్దవుతాయి. చల్లారిన కొద్దీ ఆ ముద్ద మళ్ళీ గట్టిపడుతుంది. ఫ్రిజ్‌లో ఉండే చలికి ఈ గట్టిపడటం అన్నిటికంటే వేగంగా జరుగుతుంది. ఫ్రీజర్‌లో పెడితే ఆగిపోతుంది. పంచదార ఎక్కువ కలిపితే నెమ్మదిస్తుంది. ఈ సంగతులు గుర్తుంటే ఎదురుగా ఉన్న మిఠాయి ఎంతసేపు నిలుస్తుందో షాపువాళ్ళని అడగకుండానే మీరు చెప్పగలరు.

చేసే పద్ధతి కూడా చూడాలి. బియ్యాన్ని నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, వేడి మీదే దంచి చేసేది ఒక రకం. బియ్యప్పిండిని నీళ్ళతో, పంచదారతో కలిపి ఉడికించి చేసేది ఇంకో రకం. దంచినదానిలో బియ్యం రుచి, సాగుడు ఎక్కువ. కానీ పంచదార తక్కువ కాబట్టి తొందరగా బిగుసుకుపోతుంది. పిండితో చేసినది మెత్తగా, తియ్యగా ఉండి ఇంకో పూట ఎక్కువ నిలుస్తుంది. మన వంటింట్లో ఉండే మామూలు బియ్యప్పిండితో ఈ రెండూ రావు.

జిగురు బియ్యంలో గ్లూటెన్ ఉండదు. అయితే గ్లూటెన్ పడనివాళ్ళు షాపులో ప్రతిదీ కళ్ళు మూసుకుని కొనకూడదు. మోచీల పక్కనే పెట్టే మంజూల్లో, అంటే లోపల పూర్ణం కూరిన జపనీస్ మిఠాయిల్లో, ఓవెన్‌లో కాల్చిన వాటి పైపొర గోధుమపిండి. పుల్లకి గుచ్చిన బియ్యప్పిండి ఉండలు, మితరాషి దాంగో, వాటి మీద పోసే పాకంలో సోయా సాస్ ఉంటుంది, అందులో సాధారణంగా గోధుమ ఉంటుంది. మోచీ డోనట్లలో మైదా ఎక్కువసార్లు ఉంటుంది.

ఈ పూటే తినేటట్టయితే

అప్పటికప్పుడు తినడానికి నా మొదటి ఓటు జపనీస్ మంజూ షాపుకే. శాన్ హోసే జపాన్‌టౌన్‌లో జాక్సన్ స్ట్రీట్ మీద ఉన్న షుయేదో మంజూ షాపు 1953 నుంచి నడుస్తోంది. చిన్న షాపు, ఒక కౌంటరు, అద్దాల వెనక వరసగా మిఠాయిలు, అంతే. మధ్యాహ్నానికి కొన్ని రకాలు అయిపోతాయి కాబట్టి పొద్దున్నే వెళ్ళాలి. పండగల ముందు, ముఖ్యంగా జనవరి 1కి ముందు రోజుల్లో, ఫోన్ చేసి కనుక్కుని వెళ్ళడం మేలు.

ఇలాంటి షాపు ఇంకా మిగిలి ఉండటం మామూలు విషయం కాదు. 1942లో అమెరికా ప్రభుత్వం పశ్చిమ తీరంలోని జపనీస్ కుటుంబాలని ఇళ్ళూ షాపులూ ఖాళీ చేయించి క్యాంపులకు తరలించింది. యుద్ధం తర్వాత చాలా ఊళ్ళలో వాళ్ళ పేటలు మళ్ళీ లేవలేదు. ఇప్పుడు అమెరికాలో జపాన్‌టౌన్లుగా నిలిచినవి మూడే: లాస్ ఏంజెలెస్ లిటిల్ టోక్యో, శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసే. లిటిల్ టోక్యోలో ఫుగెట్సుదో 1903 నుంచి ఉంది. శాన్ ఫ్రాన్సిస్కోలో 1906లో పెట్టిన బెంక్యోదో మాత్రం 2022 మార్చిలో మూతపడింది. ఉన్నప్పుడు వెళ్ళి కొనుక్కోవాలని నేను ఇంత పట్టుపట్టి చెప్పేది అందుకే.

అక్కడ ఏం తీసుకోవాలి? కొత్తవాళ్ళు నేరుగా దైఫుకుతో మొదలుపెట్టవచ్చు. పలచటి మెత్తని మోచీ పొర, లోపల అంకో, అంటే అజుకి అనే చిన్న ఎర్ర గింజల పూర్ణం. చేతిలోకి తీసుకుంటే మీద చల్లిన పిండి వేళ్ళకి అంటుతుంది. వేలితో నొక్కితే లోపలికి మెల్లగా దిగి, వేలు తీసిన కాసేపటికి కూడా ఆ గుంట పూర్తిగా పూడదు. కొరికి లాగితే పొర చిన్నగా సాగి తెగిపోతుంది. తెగకుండా బారుగా సాగుతూ పోతే అందులో బియ్యం కాకుండా వేరే పిండి ఎక్కువగా కలిపారని నా అనుభవం. కొరకగానే పగిలినట్టు విడిపోతే అది నిన్నటిది.

అంకోలో రెండు రకాలున్నాయి. గింజలు సగం నలిగి పొట్టుతో సహా కనపడేది త్సుబుఅన్, పొట్టు తీసి వడకట్టి నున్నగా చేసేది కోషిఅన్. నాకు త్సుబుఅన్ ఇష్టం. పంటికి తగిలే ఆ గింజే తీపిని కాస్త అదుపులో పెడుతుంది. మిఠాయిలో గింజ తగిలితే ఇబ్బందిపడే పిల్లలకి కోషిఅన్ ఇవ్వండి. ఎర్ర గింజల పూర్ణమే వద్దనేవాళ్ళకి తెల్ల చిక్కుడు గింజలతో చేసే షిరోఅన్ ఉంది, అది ఇంకా తేలిగ్గా ఉంటుంది.

పూర్ణం లేనిది కావాలంటే చిచిదాంగో. పాలో కొబ్బరి పాలో పోసి చేసిన చిన్న చిన్న ముక్కలు, గులాబి, తెలుపు, ఆకుపచ్చ రంగుల్లో ఉంటాయి. ఎప్పుడూ మోచీ తినని పిల్లలకి దీన్ని మించిన మొదటి ముక్క లేదు. పంచదార ఎక్కువ కాబట్టి మర్నాటి దాకా మెత్తగానే ఉంటుంది.

స్ట్రాబెర్రీ దైఫుకు గురించి ఒక మాట. ఇది పాత మిఠాయేం కాదు, జపాన్‌లో 1980ల్లో వచ్చింది. వాట్సన్‌విల్ స్ట్రాబెర్రీలు బాగా దొరికే వసంతకాలంలోనే దీన్ని కొనండి. పండు పులుపు, అంకో తీపి కలిసి చాలా బాగుంటుంది. కానీ పండులోంచి నీరు ఊరడం మొదలైతే పొర చిరిగి పాడవుతుంది. కొన్న రెండు మూడు గంటల్లో తినలేకపోతే దీన్ని వదిలెయ్యడమే మంచిది. దీన్ని ఫ్రీజర్‌లో పెట్టకూడదు కూడా.

మార్చిలో వెళితే సకురా మోచీ, మే మొదట్లో వెళితే కషివా మోచీ కనపడతాయి. సకురా మోచీకి చుట్టిన ఉప్పులో ఊరిన చెర్రీ ఆకుని మిఠాయితో పాటు తినేస్తారు. కషివా మోచీకి చుట్టిన ఓక్ ఆకుని తీసి పక్కన పెడతారు.

ఇక ఈ పూటే తినడానికి రెండో చోటు కొరియన్ తొక్ షాపు. తొక్ అంటే బియ్యంతో చేసే కొరియన్ మిఠాయిలు. శాంటా క్లారాలో ఎల్ కామినో రియల్ వెంబడి కొరియన్ షాపులున్నాయి, పెద్ద కొరియన్ సూపర్‌మార్కెట్లలో కూడా రోజూ తొక్ ట్రేలు పెడతారు. ఇక్కడ నేను ఎప్పుడూ వెతికేది ఇంజల్మి. ఉడికించిన జిగురు బియ్యాన్ని దంచి, ముక్కలు కోసి, వేయించిన సోయా గింజల పొడిలో దొర్లిస్తారు. లోపల ఏమీ ఉండదు. తీపి చాలా తక్కువ. పొడి వాసన ముందు వస్తుంది, తర్వాత బియ్యం రుచి నెమ్మదిగా నోటికి తెలుస్తుంది. తీపి ఎక్కువైతే తినలేని పెద్దవాళ్ళకి దైఫుకు కన్నా ఇదే నచ్చుతుంది.

ఇంజల్మి కొనేటప్పుడు ట్రే మీద తేదీ చూడండి. తర్వాత పైనున్న ప్లాస్టిక్ మీంచే ఒక ముక్కని బొటనవేలితో మెల్లగా నొక్కండి. దిగితే కొనండి, దిగకపోతే ఎంత తక్కువ ధరకి ఇచ్చినా వద్దు. సాయంత్రం పూట ధర తగ్గించి పెట్టే ట్రేలు చాలావరకు పొద్దుటివే, ఇంటికి వెళ్ళగానే తినేటట్టయితే అవి మంచి బేరమే. తొక్‌లన్నీ జిగురు బియ్యంతో చేసినవి కావని కూడా గుర్తుంచుకోండి. తెల్లగా కేకులా ఉండే బెక్సల్గి, పండక్కి చేసే సోంగ్‌ప్యన్ మామూలు బియ్యప్పిండివి. అవి కూడా బాగుంటాయి కానీ ఆ సాగుడు వాటిలో ఉండదు. రేగుపండ్లు, చెస్ట్‌నట్లు, పైన్ గింజలు వేసి గోధుమరంగులో చేసే యక్షిక్ మాత్రం జిగురు బియ్యమే, గింజ గింజగా కనపడుతుంది.

దైఫుకునా, ఇంజల్మినా అంటే: టీతో ఒకటి తిని ఆపేసేవాళ్ళకి దైఫుకు. నలుగురు కూర్చుని కబుర్లాడుతూ ఒక్కొక్క ముక్క తీసుకునేటట్టయితే ఇంజల్మి.

వేడిగా తినాలనిపిస్తే

ఇక్కడ వియత్నామీస్, చైనీస్ షాపులదే పైచేయి. శాన్ హోసేలో వియత్నాం వాళ్ళు చాలా పెద్ద సంఖ్యలో ఉన్నారు, స్టోరీ రోడ్ దగ్గర లిటిల్ సైగాన్ వైపు వెళితే మిఠాయిలకే ప్రత్యేకంగా ఉన్న షాపులు దొరుకుతాయి.

చే ట్రోయ్ నువక్ అనేదాన్ని తెలుగువాళ్ళు ఇంకా కనిపెట్టకపోవడం నాకు ఆశ్చర్యం. పెసరపప్పు ముద్దని జిగురు బియ్యప్పిండిలో చుట్టి ఉడికించి, అల్లం వేసిన బెల్లంరంగు పాకంలో తేలవేస్తారు. పైన కొబ్బరి పాలు పోసి, వేయించిన నువ్వులు చల్లుతారు. ఇందులో మనకి తెలియని వస్తువంటూ ఒక్కటీ లేదు. ఎర్ర గింజల తీపి అలవాటు కానివాళ్ళకి, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి, మొదటగా నేను ఇప్పించేది ఇదే. డబ్బాలో చల్లగా ఇస్తారు. ఇంటికి తెచ్చి గిన్నెలో పోసి చిన్న మంట మీద వేడి చేస్తే గట్టిపడ్డ ఉండ మళ్ళీ మెత్తబడుతుంది. కొన్ని షాపులు పెసరపప్పులో వేయించిన ఉల్లిపాయ కలుపుతాయి. ఉల్లి తినని రోజుల్లో అడిగి తీసుకోండి.

చైనీస్ షాపుల్లో దీనికి దగ్గరది తంగ్ యువాన్. ఎక్కువగా ఫ్రీజర్ ప్యాకెట్లలో దొరుకుతుంది, మరిగే నీళ్ళలో వేస్తే కొద్ది నిమిషాల్లో పైకి తేలుతుంది. నల్ల నువ్వులది కొరికితే లోపలి పూర్ణం కారిపోతుంది, రుచి అచ్చం వేడి చేసిన చిమ్మిలి. కానీ శాకాహారులు ఇక్కడ ఆగాలి. నల్ల నువ్వుల పూర్ణంలో పంది కొవ్వు కలపడం పాత పద్ధతి, ఇప్పటికీ చాలా ప్యాకెట్లలో ఉంటుంది. లేబుల్ మీద 'లార్డ్' అన్న మాట కోసం చూడండి. నూనెతో చేసినవి కూడా దొరుకుతాయి.

నువ్వులు అద్ది వేయించిన బంతులు డిమ్ సమ్ షాపుల్లో పొద్దున్నే దొరుకుతాయి. చైనీస్‌లో జియాన్ దుయ్, వియత్నామీస్‌లో బాన్ కామ్. వేగుతున్నప్పుడు లోపల గాలి నిండి ఉబ్బుతుంది కాబట్టి మంచి బంతి సైజుకి తగ్గ బరువు ఉండదు, చేతికి తేలిగ్గా తగులుతుంది. పైన కరకర, లోపల సాగుడు, మధ్యలో ఎర్ర గింజలో, తామర గింజలో, పెసరపప్పో. ఉత్తర వియత్నాం రకం బాన్ రాన్‌లో పూర్ణం గుల్లకి అంటుకోకుండా విడిగా ఉంటుంది, చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల కదలడం వినపడుతుంది. ఏ రకమైనా వేయించిన గంటా రెండు గంటల్లోపే తినాలి, తర్వాత పై పొర తోలులా అవుతుంది. ఎయిర్ ఫ్రయర్‌లో ఐదు నిమిషాలు పెడితే చాలావరకు తిరిగి వస్తుంది.

వీటి పక్కనే కోలగా, నువ్వులు లేకుండా, అదే రంగులో ఉండే హామ్ సుయ్ గోక్ పెడతారు. దాని పొర కూడా జిగురు బియ్యమే, తియ్యగానే ఉంటుంది, కానీ లోపల పంది మాంసం. చూపించి 'అవి నాలుగు ఇవ్వండి' అంటే పొరపాటు జరగడానికి చాలా అవకాశం ఉంది. రెండింటినీ ఒకే నూనెలో వేయిస్తారా అని కూడా కచ్చితమైన శాకాహారులు అడగాలి.

పాట్‌లక్‌కి, రేపటికి

ఆదివారం పార్టీకి శనివారమే కొని పెట్టుకోవాలంటే దైఫుకు, ఇంజల్మి రెండూ వద్దు. అప్పుడు ఫిలిపినో బీకో, హవాయి బటర్ మోచీ, ఈ రెండింటి మధ్యే ఎంచుకోండి.

బీకోలో జిగురు బియ్యం గింజలుగానే ఉంటుంది. కొబ్బరి పాలు, బ్రౌన్ షుగర్‌లో దగ్గరగా ఉడికించి పరిచి, పైన లాతిక్ వేస్తారు. లాతిక్ అంటే కొబ్బరి పాలు కాచగా మిగిలిన గోధుమరంగు పలుకులు. కొన్నిచోట్ల దాని బదులు చిక్కటి తీపి పాకం పోస్తారు. గుడ్డు ఉండదు, పాలు కూడా సాధారణంగా ఉండవు. మిల్పిటాస్, యూనియన్ సిటీ, డేలీ సిటీ వైపు ఫిలిపినో బేకరీల్లో ముందు రోజు చెబితే బిలావ్ అనే గుండ్రటి చేటలో అరటాకు పరిచి పెద్ద సైజు చేసిస్తారు. పాతిక మంది వచ్చే మన పార్టీలకి గుడ్డు తినేవాళ్ళెవరు, తిననివాళ్ళెవరు అన్న టెన్షన్ లేకుండా పెట్టగలిగింది ఇదే. మంది ఎక్కువైతే ఖర్చు కూడా దీనికే తక్కువ పడుతుంది. ఎండాకాలంలో కొబ్బరి పాలు త్వరగా పులుస్తాయి, అందుకని ఒక పూట దాటితే ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు మైక్రోవేవ్‌లో వేడి చేయండి. గింజగా ఉన్నది కాబట్టి వేడి చేస్తే ఇది దంచిన మోచీ కంటే బాగా తేరుకుంటుంది.

బటర్ మోచీ దారి వేరు. జిగురు బియ్యప్పిండి, కొబ్బరి పాలు, వెన్న, గుడ్లు, పంచదార కలిపి ఓవెన్‌లో కాలుస్తారు. అంచులు కరకరలాడుతూ బంగారు రంగులోకి వస్తాయి, మధ్యభాగం మెత్తగా సాగుతుంది. అంచు ముక్కల కోసం పిల్లలు కొట్టుకుంటారు. వెన్న, పంచదార ఎక్కువ కాబట్టి మూతపెట్టి బయట ఉంచితే రెండు రోజులు బాగుంటుంది. జపనీస్ మోచీ నచ్చని కాలేజీ పిల్లలకి కూడా ఇది నచ్చుతుంది. కొన్నది గుడ్డుతో చేసిందే అయి ఉంటుంది, ముందే చెప్పి వడ్డించండి. దీన్ని ఇంట్లో చేసుకోవడం చాలా తేలిక. నీలి నక్షత్రం ఉన్న తెల్ల డబ్బా, కోడా ఫార్మ్స్ పేరుతో వచ్చే మోచికో అనే జిగురు బియ్యప్పిండి, 454 గ్రాములది ఒకటి కొంటే ఒక పెద్ద ట్రే అవుతుంది. గుడ్లు మానేసి కొబ్బరి పాలు కాస్త పెంచినా ముక్కలుగా కోయడానికి వీలుగా నిలుస్తుంది, కాస్త దట్టంగా వస్తుంది. థాయిలాండ్ నుంచి వచ్చే మూడు తలల ఏనుగు బొమ్మ ప్యాకెట్ కొనేటట్టయితే ఆకుపచ్చ అక్షరాలదే జిగురు బియ్యప్పిండి. ఎర్ర అక్షరాలది మామూలు బియ్యప్పిండి, దానితో ఇది రాదు.

ఫిలిపినో బేకరీలో బిబింగ్కా కూడా కనపడుతుంది. అరటాకులో కాల్చిన కేకు, క్రిస్మస్ రోజుల్లో ఎక్కువగా చేస్తారు. ఇందులో గుడ్డు ఉంటుంది, పైన ఉప్పు గుడ్డు ముక్కలు, చీజ్ కూడా వేస్తారు. రుచిగానే ఉంటుంది కానీ జిగురు బియ్యం కోసం వెళ్ళినవాళ్ళు వెతికే సాగుడు ఇందులో లేదు. వియత్నామీస్ షాపులో పొరలు పొరలుగా ఆకుపచ్చ, పసుపు రంగుల్లో ఉండే బాన్ యా లన్ కూడా అంతే, అది టాపియోకా (కర్రపెండలం పిండి), బియ్యప్పిండి, పెసరపప్పుతో చేసింది. గుడ్డు లేదు, పాండన్ ఆకు వాసన బాగుంటుంది, పొర పొరగా ఒలుచుకుని తినడం పిల్లలకి సరదా.

మోచీ డోనట్లు, మోచీ ఐస్‌క్రీమ్

ఇవి ఎక్కడ చూసినా ఉన్నాయి కాబట్టి కాస్త చెప్పాలి. ఎనిమిది బంతులు గుండ్రంగా కలిసినట్టుండే డోనట్ ఆకారం జపాన్‌లో మిస్టర్ డోనట్ 2003లో తెచ్చిన పోన్ దె రింగ్ నుంచి వచ్చింది. సాగుడు చాలాసార్లు టాపియోకాది, జిగురు బియ్యం ఉన్నా కొంతే. గుడ్డు, మైదా ఉంటాయి, ఒక్కోదాని ఖరీదుకి మంజూ షాపులో ఇంకా మంచిది దొరుకుతుంది. వేడిగా ఉన్నప్పుడు మాత్రం బాగుంటాయి.

మోచీ ఐస్‌క్రీమ్‌ని అమెరికాలో 1990ల్లో జనంలోకి తెచ్చింది లిటిల్ టోక్యోకి చెందిన మికవాయా కంపెనీ, దాన్ని నడిపిన ఫ్రాన్సెస్ హషిమోటో. అది గొప్ప ఆలోచన, వేసవిలో పిల్లలకి హాయిగా ఉంటుంది. ఫ్రీజర్‌లోంచి తీశాక మూడు నాలుగు నిమిషాలు ఆగి తినండి, పొర మెత్తబడుతుంది. అయితే దీన్ని తిని మోచీ అంటే ఇంతే అనుకోకండి. చలికి పొర రుచి ఏమీ తెలియదు, తెలిసేదంతా ఐస్‌క్రీమే. కొన్ని రకాల్లో గుడ్డు కూడా ఉంటుంది.

ఇండియాకి పట్టుకెళ్ళాలంటే తైవాన్ నుంచి వచ్చే డబ్బా మోచీలు తప్ప వేరే దారి లేదు. వాటి లేబుల్ మీద మాల్టోజ్, ట్రెహలోజ్ లాంటివి కనపడతాయి. నెలల తరబడి మెత్తగా ఉండటానికి వేసేవి అవి. తాజాదాని రుచి వాటికి రాదు, కానీ నువ్వులది, వేరుశనగది పర్వాలేదు.

పెద్దవాళ్ళకి, చిన్నపిల్లలకి పెట్టేటప్పుడు

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. జపాన్‌లో ప్రతి కొత్త సంవత్సరానికీ మోచీ గొంతుకి అడ్డం పడి పెద్దవాళ్ళు చనిపోతుంటారు, అక్కడి అధికారులు ఏటా హెచ్చరిస్తుంటారు. ఊరి నుంచి వచ్చిన అత్తయ్యగారికో తాతగారికో పెట్టేటప్పుడు, ముఖ్యంగా కట్టుడు పళ్ళుంటే, దంచిన రకాలు వద్దు. మిగతావి కూడా గోలీ అంత ముక్కలు చేసి, పక్కన గోరువెచ్చటి టీ పెట్టి, నిదానంగా నమలమని చెప్పండి. కత్తికి అంటుకుంటుంది కాబట్టి వంటింటి కత్తెరని నీళ్ళలో ముంచి కత్తిరించడం సులువు. నాలుగేళ్ళ లోపు పిల్లలకి నేనైతే పెట్టను, బీకో చిన్న ముద్ద చేసి పెడతాను, అది కూడా పక్కన కూర్చుని. షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకో జాగ్రత్త: జిగురు బియ్యం మామూలు అన్నం కంటే వేగంగా రక్తంలో చక్కెర పెంచుతుంది. తీపి తక్కువగా ఉంది కదా అని ఇంజల్మి ట్రే మొత్తం వాళ్ళ ముందు పెట్టకండి.

మిగిలిపోతే

ఆ రోజు తినలేనివి సాయంత్రం దాకా ఆగకుండా ఇంటికి రాగానే ఒక్కొక్కటి విడిగా ప్లాస్టిక్‌లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. దైఫుకు, ఇంజల్మి, చిచిదాంగో మూడూ ఇలా నిలుస్తాయి. తినే ముందు గంటా రెండు గంటలు బయట పెడితే దాదాపు మొదటి రోజులాగే ఉంటాయి. ఎవరైనా ఫ్రిజ్‌లో పెట్టేసి గట్టిపడితే పారెయ్యకండి. తడి పేపర్ టవల్ కప్పి మైక్రోవేవ్‌లో పది, పదిహేను సెకన్లు పెట్టి వెంటనే తినాలి, మళ్ళీ చల్లారితే ముందుకంటే గట్టిపడుతుంది. గట్టిపడ్డ ఇంజల్మిని పెనం మీద కొంచెం నూనె వేసి రెండు వైపులా కాల్చండి. ఉబ్బి, పైన కరకరలాడుతూ, లోపల మళ్ళీ సాగుతుంది. పైన కాస్త తేనె పోస్తే తాజాదానికంటే ఇదే బాగుందనేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు.

ఒక్క శనివారమే కుదిరి, దేనితో మొదలుపెట్టాలో తెలియకపోతే: పొద్దున పదింటికల్లా జాక్సన్ స్ట్రీట్‌కి వెళ్ళి త్సుబుఅన్ దైఫుకు రెండు, షిరోఅన్ ఒకటి, చిచిదాంగో కొన్ని తీసుకోండి, దైఫుకు ఒకటి అక్కడే తినండి. అక్కణ్ణుంచి స్టోరీ రోడ్ వైపు వెళ్ళి చే ట్రోయ్ నువక్ ఒక డబ్బా, వేయించినవి అప్పుడే తీస్తుంటే బాన్ కామ్ రెండు. ఇంజల్మిని ఇంకో వారానికి ఉంచుకోండి, మూడూ ఒకే రోజు తింటే దేని రుచీ తెలియదు. చిన్న షాపుల్లో కొన్నిచోట్ల కార్డు తీసుకోరు, జేబులో ఇరవై డాలర్ల నోట్లు రెండు పెట్టుకుని బయల్దేరండి.